కాలువగట్టు మొరంబాటపై సైకిలు

పోచంపాడు వద్ద శ్రీరాంసాగరు జలాశయమునుండి బయలుదేరు కాకతీయ కాలువ కరీంనగర్ చెంతనున్న దిగువ మానేరు జలాశయమును చేరుసరికి 146 కిలోమీటర్లు నడచును. ఏ తూము ఎప్పుడు ఎత్తుదురో, ఏ ఉపకాలువకు వారబందీ ఏనాడో మన రైతు సోదరులకు కంఠోపాఠము. కాని ఆ నీటితోపాటు గట్టుమీద ఒక బాటకూడ సాగుచున్నదని తలచువారు అరుదు. నీటిపారుదల శాఖవారు కాలువను తనిఖీ చేసికొనుటకై వేసిన బాట అది. కొన్నిచోట్ల దానికి తారు పడినది. కొన్నిచోట్ల సర్కారుతుమ్మ అల్లుకొన్నది. మిగిలినచోట్ల ఎఱ్ఱని మొరమే. దానిపై లారీలు తిరుగవు, బస్సులు రావు. పాలక్యాన్లు కట్టిన సైకిళ్లు, గొఱ్ఱెలమందలు, పారలు భుజమున వేసికొని మడికి నీరు కట్టబోవు రైతులు, అప్పుడప్పుడు శాఖవారి జీపు, ఇంతే ఆ బాటపై కనబడునవి.

ఆ గట్టుబాటను గూర్చియు, దానినుండి చీలి పొలములలోనికి పోవు బండ్లబాటలను గూర్చియు, వాటిపై సైకిలు తొక్కుటను గూర్చియు ఈ వ్యాసము. ఇది వ్యవసాయ పత్రికలో వ్రాయదగిన విషయమా యని కొందరనుకొనవచ్చును. విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి ఎన్నియో వ్రాసితిమి. ఆ విత్తనము, ఆ ఎరువు పొలమునకు చేరు త్రోవను గూర్చి మాత్రము వ్రాసినది తక్కువ.

మన పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో ఎనిమిది జిల్లాలైనవి గాని, రోడ్లు ఆ పాతవే. నిజామాబాదునుండి మెట్‌పల్లి, జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేటల మీదుగా మంచిర్యాలకు పోవు 63వ నెంబరు జాతీయ రహదారి ఒకటి. హైదరాబాదునుండి కరీంనగర్ మీదుగా రామగుండమునకు పోవు రాజీవ్ రహదారి మరియొకటి. వీటిపై గ్రానైటు దిమ్మెలు మోయు లారీలు, బొగ్గు, బూడిద మోయు లారీలు రేయింబగళ్లు పరుగెత్తుచుండును. కోతల కాలమున మనవారు ఊరిరోడ్లపై సగము వెడల్పున వడ్లు ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేర్చి, సాయంకాలమునకు నల్లని పరదాలు కప్పుదురు. చీకటిలో ఆ నల్లని కుప్ప కానరాదు. దీపములేని సైకిలుపై పోవు రైతు ఆ కుప్పకును లారీకిని నడుమ చిక్కును. ఈ విధముగ పోయిన ప్రాణములను గూర్చి గ్రామాధికారులకు వేరుగ చెప్పనక్కరలేదు. పంచనామాలు వ్రాయునప్పుడు ప్రక్క నిలిచినవారు వారే.

గట్టుబాట ఉన్న ఊళ్లలోకూడ చాలమంది తారురోడ్డుననే పోవుదురు. కారణము అడిగితిని. "గట్టు మీదికి ఎక్కుతందుకు బాట లేదు సారూ" అనిరి. ఇదేమి విడ్డూరమని ఒకనాడు నేనే బయలుదేరితిని.

మాఘమాసపు ఒక ఉదయము

మోటారుసైకిలును బాగుచేయుటకిచ్చి, ఒక రైతు ఇంట పాత పెద్ద సైకిలు అడిగి తీసికొని, జగిత్యాలకు కొంతదూరమున తెల్లవారుజామున గట్టు ఎక్కితిని. చలి ఇంకను పోలేదు. కాలువ నిండుగ పారుచుండెను. నీటిమీద సన్నని ఆవిరి. మొదటి కిలోమీటరు పోవుసరికి పసుపు ఉడుకుచున్న వాసన వచ్చినది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో మాఘ ఫాల్గుణములనగా పసుపు తవ్వుట, ఉడకబెట్టుట, ఆరబెట్టుట. ఆవల మామిడితోట పూతమీద ఉన్నది. ఆ రెండు వాసనలు కలిసి వచ్చునప్పుడు ఏ అత్తరు పనికిరాదు.

మామిడిపూత దాటిన తరువాత ఈతవనము. అక్కడ గౌడన్న ఒకడు లొట్లు కట్టిన సైకిలు నడిపించుకొని గట్టెక్కుచుండెను. కల్లు నిలువయుండునది కాదు. పొద్దెక్కిన కొలది పులియును. కనుక అతనికి వేగము కావలెను, కుదుపు మాత్రము కారాదు. "తారురోడ్డు మీద గుంతలల్ల పడితె లొట్టి పలుగుతది. గీ మొరం మీద నిమ్మలంగ పోతది" అనెను. మొరంబాటను గూర్చి ఇంజనీర్లు వ్రాసిన పుస్తకములలో ఈ మాట ఎచ్చటను చూడలేదు గాని, నిజమే.

నేను ముఖ్యముగ చెప్పదలచినది ఇది. మోటారుసైకిలుపై పోవునప్పుడు పచ్చనిదంతయు పైరుగనే కనబడును. సైకిలు గంటకు పది పండ్రెండు కిలోమీటర్లు నడచును. గట్టు పొలమునకంటె ఎత్తున ఉండును. ఆ ఎత్తునుండి, ఆ నెమ్మదిలో, ప్రతి మడియు అరచేయి చూచినట్లు కనబడును. ఒక యాసంగి వరిమడిలో అక్కడక్కడ మొవ్వలు ఎండి గోధుమరంగు పుల్లలవలె నిలిచియుండెను. దిగి లాగిచూచితిని, మొవ్వ సులభముగ ఊడివచ్చినది. మొగిపురుగు. ప్రక్క మడిలో ఆకులపై తుప్పురంగు మచ్చలు: జింకు లోపము. ఇంకొంచెము దూరమున మొక్కజొన్న సుడిలో రంపపుపొట్టువంటి విసర్జనము. 2018లో మన దేశమున అడుగిడిన కత్తెరపురుగు పని అది. ముగ్గురు రైతులలో ఇద్దరు తమ చేనికి ఏమైనదో అదివరకు గమనింపలేదు. వారిని తప్పుపట్టను. రోడ్డుప్రక్కన మోటారుసైకిలు ఆపి చేను చూచువానికి మొదటి నాలుగు సాళ్లే కనబడును. మన శాఖలో విస్తరణాధికారికి సుమారు 5,000 ఎకరముల చొప్పున పని పంచియున్నారు. 1952లో సమాజాభివృద్ధి పథకము మొదలైనప్పుడు గ్రామసేవకులు సైకిలుపై తిరుగుచు చేసిన పనిని, ఇప్పుడు ఫోటోలతో, యాపులతో చేయుచున్నాము. ఫోటో మంచిదే. ఏ మడిని ఫోటో తీయవలెనో మాత్రము కంటితోనే తెలియవలెను.

ఈ తృప్తిలో ఉండగనే సైకిలు ముందుచక్రము ఒక గాడిలో పడినది. ఎవరో గట్టుకు అడ్డముగ గాడి తవ్వి, ప్లాస్టిక్ పైపు వేసి, కాలువనుండి మోటారుతో నీరు తోడుకొనుచున్నారు. పైపుమీద మట్టి గట్టిగ కూర్చలేదు. మోకాలు చీరుకొనిపోయినది. అది పెద్దమాట కాదు. అట్టి వదులుమట్టిలో పైపు వెంబడి నీరు చెమ్మగ దిగి, పిదప ధారయై, ఒకనాటికి గట్టునే కోసివేయును. ఎండ్రకాయ బొక్కనుండి మొదలైన గండ్లు మనమెరుగుదుము. మనము తవ్విన గాడి ఎండ్రకాయ బొక్కకంటె పెద్దది. గట్టు తెగినచో బాటయు ఉండదు, నీరును ఉండదు, దిగువనున్న చివరి ఆయకట్టువానికి నారుమడియు ఉండదు.

ఏడాదికొక సాలు

ఏడు కిలోమీటర్లు పోయినపిదప గట్టు దిగువన ఒక పెద్ద రైతు సైకిలు రాయికి ఆనించి కూర్చుండియుండెను. డెబ్బది ఏండ్ల పైమాటే. అతని మడి అక్కడికి ముప్పాతిక కిలోమీటరు లోపల ఉన్నది. సైకిలు అక్కడనే విడిచి, ఒడ్డులమీద నడచిపోవును.

"పెద్దయ్యా, లోపలికి బాట లేదా?" అని అడిగితిని.

"ఎందుకు లేదు సారూ, నక్షల ఉన్నది. మా నాయన కాలంల రెండు బండ్లు ఎదురెదురుంగ పోయేటియి. ఇప్పుడు సైకిలు గూడ పట్టదు."

"ఎవరు దున్నినారు?"

"ఒక్కడు దున్నిండని ఎట్ల జెప్పాలె? ఈ పక్కోడు ఏడాదికొక సాలు, ఆ పక్కోడు ఏడాదికొక సాలు." కొంచెము ఆగి, నేలవైపు చూచుచు అనెను: "నేను గూడ దున్నిన. అబద్దమెందుకు? నా మడి మూల మీద రెండు సాళ్లు నేను గూడ కలుపుకున్న."

ఈ మాట ఇంత నిక్కచ్చిగ చెప్పినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

లెక్క వేయుదము. బాటవెంట నూరుగజముల పొడవున చేను గల రైతు మూడడుగుల వెడల్పు కలుపుకొనినచో అతనికి దక్కునది 900 చదరపు అడుగులు. గుంట అనగా 1,089 చదరపు అడుగులు. అనగా గుంటకూడ కాదు. ఎకరమునకు 25 క్వింటాళ్ల దిగుబడి చొప్పున, ఆ ముక్కలో పండునవి సుమారు 50 కిలోల వడ్లు. ఒక్క బస్తా కంటె కొంచెము ఎక్కువ. దీనికి మారుగ ఆ బాటకు లోపలనున్న పది కమతములకు కోతయంత్రము రాదు. పశువులపేడ బండి రాదు. 45 కిలోల యూరియా బస్తా నెత్తిమీద పోవలెను. పండిన వడ్లు నెత్తిమీద రావలెను. బాట తినినవానికికూడ లోపల రెండవ కమతము ఉన్నచో, తన బస్తా తానే నెత్తిన పెట్టుకొనవలెను.

ఇంతకంటె గడ్డు సంగతి పెద్దయ్య చెప్పెను. గత వానకాలములో కలుపుతీయ వచ్చిన ఒక ఆడమనిషిని పాము కరచినది. 108 బండి గట్టువరకు వచ్చి నిలిచిపోయినది. లోపలినుండి ఆమెను తెచ్చుటెట్లు? నడిపింపరాదు, నడచినకొలది విషము ఎక్కును. సైకిలు వెనుక కూర్చుండబెట్టి, ఇద్దరు చెరియొకవైపు పట్టుకొని, ఒడ్డువెంట నెట్టుకొని వచ్చిరట. మూడుచోట్ల ఒడ్డు ఇరుకై సైకిలును ఆమెతోసహా ఎత్తవలసి వచ్చినది. ఆమె బ్రదికినది. "గంట సేపు పట్టింది సారూ. బాట ఉంటె పావుగంట" అనెను.

గ్రామాధికారులు ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. మన రెవెన్యూ గ్రామముల నక్షలలో బండ్లబాటలు, కాలిబాటలు గీతలతో చూపబడియున్నవి. నక్షబాట అని మనవారనునది దీనినే; కొన్ని ఊళ్లలో పానాది అందురు. నక్షలో ఉన్న బాట ఎవరి పట్టాలోనిదియు కాదు. రెండువైపుల రైతులు కలిసి తహసీలుదారుకు దరఖాస్తు పెట్టినచో సర్వేయరు వచ్చి కొలిచి హద్దు చూపును. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దైన పిదప ఐదేండ్లు ఈ సంగతి ఊరిలో ఎవరిని అడుగవలెనో తెలియకుండెను. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చిరి. వారు తమ ఊరి నక్షను ఒక్కసారి పట్టుకొని బాటలవెంట నడచినచో, ఎన్ని బాటలు కాగితముమీద మాత్రమే మిగిలినవో తెలియును. నక్షలో లేక, పట్టాభూములమీదుగా అలవాటుచొప్పున సాగు బాటల సంగతి వేరు. అవి ఇరుగుపొరుగు మాటమీద నిలుచునవి. అక్కడ పెద్దమనుషులు చేయగలపని సర్వేయరు చేయలేడు.

ద్రాక్షతోటల దేశమున

ఈ ముచ్చటను ఒక రైతువేదికలో చెప్పుచుండగా పంచాయతీలో పనిచేయు ఒక యువకుడు నవ్వి, "మొరంబాటమీద సైకిలు తొక్కుట తారురోడ్డు లేనివాని కర్మ కదా సార్" అనెను. అతనికి చెప్పిన సమాధానమే ఇక్కడ వ్రాయుచున్నాను.

ఫ్రాన్సు దేశము ద్రాక్షసారాయమునకు పేరుపడినది. మనకు ద్రాక్ష యనగా ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపట్ల పండిన అనాబ్-ఎ-షాహీ గుర్తుకు వచ్చును, అది తినుటకు. అక్కడ మైళ్లకొలది కొండవాలులన్నియు సారాయపు ద్రాక్షయే. ఆ పల్లెలలో మోటారుబండ్లు రాని కంకరబాటలపై సైకిలు తొక్కుటకు ఆ దేశపు పట్టణవాసులే కాక ఇతర దేశములవారును డబ్బు వెచ్చించి, సెలవుపెట్టి వచ్చుచున్నారు. ఆ కంకరబాటలలో చాలవరకు వారి విలాసమునకై వేసినవి కావు.

ఆ దేశపు దక్షిణమున తులూజ్ నగరమునుండి మధ్యధరా సముద్రపు ఒడ్డుననున్న తో సరస్సు వరకు 240 కిలోమీటర్ల కాలువ ఒకటి ఉన్నది. మిది కాలువ అందురు. ఉప్పుపన్ను వసూలుచేయు పియెర్ పాల్ రికే అను అధికారి పూనుకొని 1666లో తవ్వకము మొదలిడి 1681 వరకు నడిపిన పని అది. తెరచుటకు కొన్ని నెలలముందు అతడు చనిపోయెను. ద్రాక్షసారాయమును, ధాన్యమును పడవలపై పంపుటకు ఆ కాలువ. గట్టుమీద గుఱ్ఱములు నడచుచు త్రాళ్లతో పడవలు లాగెడివి. ఇరువదవ శతాబ్దమున పడవలకు ఇంజనులు వచ్చినవి, గుఱ్ఱములు పోయినవి, గుఱ్ఱపుబాట మిగిలినది. ఆ బాటపైననే ఇప్పుడు సైకిళ్లు. ఉత్తరమున బర్గండీ ప్రాంతములో బోన్ పట్టణమునుండి సాంతెనే గ్రామమువరకు సుమారు 20 కిలోమీటర్లు ద్రాక్షతోటల నడుమగనే సైకిలుబాట ఉన్నది. అది రైతుల ట్రాక్టర్లు తిరుగు బాటయే. కోతల సమయమున ట్రాక్టరు వచ్చినచో సైకిలువాడు ప్రక్కకు దిగవలెను. ఆ ప్రాంతమునందే జివ్రీ, క్లూనీ అను ఊళ్ల నడుమ పట్టాలు తీసివేసిన రైలుమార్గమును 1997లో 44 కిలోమీటర్ల సైకిలుబాటగా మార్చినారు.

పని కొరకు పుట్టిన బాట, పని తగ్గినను చెడకుండ నిలిచినది. అందువలననే పిదప వినోదమునకు పనికివచ్చినది. మనకు పని తగ్గలేదు, బాటయే తగ్గుచున్నది.

అక్కడ బాటలు తినువారు లేరని కాదు. ఆ దేశమునకూడ పల్లెబాటలు గ్రామపంచాయతీ సొత్తు. వాటిని కాపాడుట అక్కడి సర్పంచి బాధ్యత యని చట్టమున ఉన్నది. కాని దున్ని కలుపుకొని ముప్పది ఏండ్లు అడ్డులేక అనుభవించినవాడు అది తనదని వాదింపవచ్చును. అట్లు పోయిన బాటలు అనేకము. 2022లో వారు ఒక చట్టము చేసికొన్నారు: పంచాయతీ తన బాటలన్నిటిని లెక్కించుటకు తీర్మానించినచో, ఆనాటినుండి ఈ ముప్పది ఏండ్ల గడువు లెక్క నిలిచిపోవును. లెక్కించుటకు పూనుకొన్నంతమాత్రముననే బాటకు రక్ష. మన పంచాయతీలవారు ఈ యుక్తిని ఆలోచింపదగును. తీర్మానము వ్రాయుటకు ఖర్చులేదు.

వ్యవసాయమువాడను గనుక ఇంకొక్క మాట. మిది కాలువ పొడవునా వేలకొలది ప్లేను చెట్లు నీడనిచ్చెడివి. గట్టును వేళ్లతో పట్టియుంచుటకు పందొమ్మిదవ శతాబ్దమున నాటినవి. అన్నియు ఒకే జాతి. 2006లో ఆ కాలువమీద ఒక శిలీంధ్రపు తెగులు కనబడినది. వేరునుండి వేరుకు, నీటివెంట, పడవల త్రాళ్లరాపిడివలన, నరకు పనిముట్లవలన పాకినది. మందులేదు. తెగులు సోకిన చెట్టునే కాక దాని ఇరుగుపొరుగు చెట్లనుకూడ నరికి కాల్చవలసి వచ్చినది. మొత్తము 42,000 చెట్లకు ఈ ముప్పు. ఇప్పుడు పలుజాతులు కలిపి నాటుచున్నారు. మన కాలువగట్ల దిగువన 2015నుండి హరితహారములో ఈత, ఇతర మొక్కలు నాటబడినవి. వరుసగ మైళ్లకొలది ఒకే మొక్క నాటుటకంటె వేప, కానుగ, చింత, ఈత కలిపి నాటుట మేలు. గట్టు నెత్తిన గాని కాలువ లోపలి వాలున గాని మాత్రము పెద్దచెట్టు ఉండరాదు. ఎండిన వేరు నీటికి దారియగును.

మొరమును సైకిలును

యువకుడు మరల అడిగెను: అక్కడివారికి ప్రత్యేకమైన సైకిళ్లుండును కదా అని. ఉండును; వాటి ధరకు మనకు పాడిగేదె వచ్చును. కంకరబాటపై తొక్కుటకు వారు 35నుండి 50 మిల్లీమీటర్ల వెడల్పుగల టైర్లు వాడుదురు. మన తాతలనాటి పెద్ద సైకిలు టైరుపై 28 × 1½ అని అచ్చువేసియుండును. ఆ ఒకటిన్నర అంగుళమనగా సుమారు 40 మిల్లీమీటర్లే! మన పెద్దలు ఎన్నడో ఎరిగి వాడినదానిని వారిప్పుడు కొత్తగ కనుగొన్నారు. మొరముపై పోవునప్పుడు గాలి రాయివలె బిగించి కొట్టరాదు. బొటనవ్రేలితో నొక్కిన కొంచెము లొంగవలెను. అప్పుడు టైరు మొరమును పట్టును, కుదుపు తగ్గును. యూరియా బస్తాను క్యారియరుపై అడ్డముగ పరచి పాత ట్యూబుతో బిగించవలెను. క్యాన్లయినచో రెండువైపుల సమముగ. పురుగుమందు సీసాను అన్నపుగిన్నె ఉన్న సంచిలో ఎన్నడును పెట్టరాదు. వెనుక మడ్‌గార్డుకు ఎఱ్ఱని రిఫ్లెక్టరు అంటించుటకు పట్టు ఖర్చు అతి స్వల్పము. కాలువ నిండుగ పారునప్పుడు చీకటిలో గట్టుపై తొక్కరాదు. సిమెంటు వాలులో జారినవానికి పట్టుకొనుటకు గడ్డిపోచ కూడ ఉండదు. ఈతవచ్చినవారును మునిగిన సంగతులు మనమెరుగుదుము.

బాటకు వేయు మొరమును గూర్చి మన ఊళ్లలో పొరపాటున్నది. ఎఱ్ఱగనున్నదెల్ల మొరమనుకొందురు. మంచి మొరములో గులకరాయి, ఇసుక, కొంచెము జిగటమట్టి మూడును కలిసియుండవలెను. పిడికెడు తడిపి ముద్దచేసి చూడవలెను. ముద్ద కట్టనే కట్టనిచో అది ఎండకాలమున రేగిపోవును. చేతికి బంకవలె అంటుకొన్నచో వానకాలమున సైకిలు జారును. ముద్దకట్టి, వేళ్లసందున గరగరలాడినచో అది బాటకు పనికివచ్చును. ఆరంగుళములకంటె మందముగ ఒకేపొర పోయరాదు. నీరుచల్లి రోలరు త్రిప్పి, పిదప రెండవ పొర. పదియడుగుల బాటకు నడుమ అంచులకంటె రెండున్నర అంగుళములు ఎత్తుండవలెను. ఇరువైపుల నీరుపోవు కాలువ తీయనిదే ఎంత మొరము పోసినను ఒక్క వానకాలమే. 2006నుండి ఉపాధిహామీ పనులలో మన రెండు జిల్లాలలోను పొలములబాటలు అనేకము పడినవి. వాటిలో నిలిచినవి ప్రక్కకాలువ తీసినవే. మిగిలిన వాటిని కేజ్‌వీళ్లతో ట్రాక్టర్లు నడిపి మనమే పాడుచేసికొంటిమి. దమ్ముచక్రములు మడిలో తిరుగవలెను గాని బాటపై కాదు.

ఆదిలాబాదు వైపు కథ వేరు. అక్కడిది నల్లరేగడి. నేను మునుపు ఉట్నూరు వైపు పనిచేసిన కాలమున, ఆషాఢమాసపు వానలో సైకిలుపై పోయి, సైకిలును భుజముపై మోసికొని వచ్చిన దినములున్నవి. రేగడి టైరుకు చుట్టుకొని మడ్‌గార్డు నిండి చక్రమే తిరుగదు. రేగడిపై నేరుగ మొరము పోసినచో మొదటి వానకే అది క్రిందికి దిగిపోవును, రేగడి పైకి వచ్చును. ముందు బాటను ఎత్తుచేసి, ఇసుకపొర పరచి, దానిపై మొరము వేయవలెను. ఖర్చు ఎక్కువ, వేరు మార్గము లేదు. కాని ఫాల్గుణ చైత్రములలో ఆ బాటలంత చక్కని బాటలు మరియెచ్చటను లేవు. ఇప్పపూవు తెల్లవారకముందే రాలును. గోండు, కొలాము ఆడవారు బుట్టలతో చెట్లక్రిందికి పోవుదురు. రాలిన పూవు ఎండ తగులకముందే ఏరవలెను. ఏరినది ఇంటికి చేర్చి ఆరబెట్టవలెను. ఆ పూవుతో సారా ఒక్కటే కాదు, ఉట్నూరులో ఆదివాసి మహిళలు లడ్డూలు చేసి అమ్ముచున్నారు. అక్కడను పంట విలువ బాటమీదనే ఆధారపడియున్నది. కవ్వాల అడవిని 2012లో పులుల అభయారణ్యముగ ప్రకటించినందున లోపలి బాటలలో అటవీశాఖవారి అనుమతిలేక సైకిలు తొక్కరాదు. కడెము ఎడమకాలువ వెంట జన్నారము, దండేపల్లి, లక్సెట్టిపేట వైపు ఉన్న ఆయకట్టు రైతులకు మాత్రము నేను కాకతీయ కాలువగట్టును గూర్చి చెప్పినదంతయు వర్తించును.

హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలుబాట వేసి, పైన సౌరఫలకముల కప్పు వేసినారు. చూడముచ్చటగనే ఉన్నది. మన పల్లెకు కప్పు అక్కరలేదు. గట్టునుండి మడివరకు పదియడుగులు చాలును.

పెద్దయ్య, అతని ఇరువైపుల రైతులు కలిసి ఫాల్గుణమున దరఖాస్తు పెట్టినారు. కాగితము నేను వ్రాసి ఇచ్చితిని. వ్రేలిముద్ర వేయబోయిన ఒకాయనను మనుమరాలు ఆపి సంతకము చేయించినది. సర్వేయరు వచ్చి కొలిచిన దినమున నేనుకూడ ఉంటిని. గట్టునుండి మూడు కమతములవరకు హద్దురాళ్లు దొరకినవి. ఒకటి తుమ్మమొద్దుక్రింద, అడుగులోతున. నాలుగవ కమతమువాని పసుపు ఇంకను నేలలోనే ఉన్నది. బాట సరిగ్గ ఆ మడిగుండ పోవలెను. సర్వేయరు సున్నపుగీత గీయబోగా పెద్దయ్య చేయిపట్టి ఆపెను.

"తవ్వనియ్యి సారూ. గంత పసుపు, తొక్కితె పాపం. పదిరోజులల్ల ఆయన్నే తవ్వుకుంటడు. గన్ని రోజులు నడిచిన, ఇంక పదిరోజులు నడుస్త."

నేను పోవునప్పటికి అతని సైకిలు మూడవ రాయివద్ద ఆనించియుండెను. ఇదివరకు గట్టుక్రిందనే ఉండెడిది.